డిలీట్ చేసిన ఫొటోలే నాకు పంపండి

(విజయవాడలో ఒక ఆదివారం ఉదయం జరిగిన సభలో విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగం, చివర్లో కొన్ని ప్రశ్నలూ జవాబులతో. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తెర మీద బొమ్మలు కనపడాలంటే ఆ కిటికీ కూడా కాస్త మూయండి బాబూ.

నాకు ఇచ్చిన విషయం, ఔత్సాహికులు తీసిన ఫొటోలు చూసి పక్షుల్ని గుర్తుపట్టడం. రిటైరయ్యాక నాకు ఇదే పనైపోయింది. పొద్దున లేచేసరికి ఫోన్లో రెండో మూడో పిట్టలు వచ్చి కూర్చుని ఉంటాయి. 'మేడమ్, ఇదేంటో చెప్పండి' అని ఒక్క ముక్క. ఏ ఊరో ఉండదు, ఎప్పుడు తీశారో ఉండదు. ఒకే ఒక్క ఫొటో. అది మాత్రం ఎంతో అందంగా ఉంటుంది. కన్ను మెరుస్తుంటుంది, వెనకంతా మసకబారి ఉంటుంది. నేను అడిగేది ఒకటే: 'దీంతో పాటు తీసినవి ఏవి?' దానికి జవాబూ ఒకటే: 'అవి బాగా రాలేదు మేడమ్, డిలీట్ చేసేశాను.'

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ డిలీట్ చేసినవాటి గురించే. వీపు చూపించి ఎగిరిపోతున్నది, కాళ్లు మాత్రమే పడ్డది, రెక్క అడ్డమొచ్చి మొహం కనపడనిది, సగం కొమ్మ చాటున ఉన్నది. పేరు తేల్చేది చాలాసార్లు అవే.

మన బ్యారేజీ దగ్గర నుంచే మొదలుపెడదాం. ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున్నే నడిచేవాళ్లకి గద్దలు కొత్త కాదు. అక్కడ రెండు రకాలు తిరుగుతుంటాయి. ఒకటి మామూలు గద్ద, బ్లాక్ కైట్. పేరులో నలుపుంది గానీ ఒళ్లంతా మట్టిరంగే. రెండోది బ్రాహ్మినీ కైట్, మనవాళ్లు గరుడపక్షి అని దణ్ణం పెట్టుకునేది. తల, రొమ్ము తెలుపు, మిగతాదంతా ఇటుకరంగు. పెద్దదైతే చంటిపిల్లాడు కూడా చెప్పేస్తాడు. చిక్కంతా దాని పిల్లతోనే. చిన్నప్పుడు దానికి ఆ తెలుపూ ఉండదు, ఆ ఎరుపూ ఉండదు. గోధుమరంగు ఈకలు, మీద లేత గీతలు. మామూలు గద్ద పక్కన పెడితే తేడా తెలియదు.

ఇదిగో ఈ ఫొటో చూడండి. దీపస్తంభం మీద కూర్చుని సూటిగా మనవైపే చూస్తోంది. తీసినాయన దీన్ని ఇంట్లో ఫ్రేము కట్టించుకున్నారు. బాగుంది, కాదనను. కానీ ఇందులో తోక లేదు. స్తంభం వెనక్కి పోయింది. ఇప్పుడు రెండోది చూడండి. అదే పక్షి, నాలుగు సెకన్ల తర్వాత లేచి ఎగిరిపోతోంది. వీపు మనవైపుంది, కాస్త వణికింది కూడా. దీన్ని ఆయన పంపలేదు, నేను బతిమాలితే పంపారు. తోక చివర చూడండి, గుండ్రంగా ఉంది. మామూలు గద్దకైతే తోక చివర మధ్యలో గంటు పడి ఉంటుంది. కాబట్టి ఇది బ్రాహ్మినీ పిల్ల. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. మామూలు గద్ద మలుపు తిరుగుతూ తోకను పూర్తిగా విప్పిందనుకోండి, ఆ గంటు మాయమైపోయి అంచు దాదాపు సూటిగా కనపడుతుంది. అందుకే ఎగిరేదాన్ని ఒక్కటి తీసి ఆపకండి. వరసగా నొక్కుతూ పోండి. తోక విప్పినప్పటిది, మూసినప్పటిది రెండూ ఉంటే ఇక వాదన ఉండదు.

నేనొక పక్షిని చూడగానే మొదట వెతికేది పేరు కాదండీ, దాని చుట్టాల్ని. ఇలాగే ఉండేవి మన ప్రాంతంలో ఇంకేమేమున్నాయి? వాటికీ దీనికీ తేడా ఒంట్లో ఏ భాగంలో ఉంది? ఆ భాగం ఫొటోలో పడిందా? ఈ మూడో ప్రశ్న దగ్గరే తొంభై పాళ్లు ఆగిపోతాం.

తెల్లకొంగల సంగతి తీసుకోండి. కాలవల కింద నాట్లు పడేటప్పుడు మళ్లలో బోలెడు. అన్నీ తెల్లగానే ఉంటాయి కాబట్టి అన్నీ ఒకటే అనుకుంటాం. కాదు, నాలుగు రకాలున్నాయి. గొడ్ల వెంట తిరిగేది క్యాటిల్ ఈగ్రెట్, పొట్టి పసుపు ముక్కు. జత కట్టే కాలంలో తల, మెడ కాషాయం రంగుకి తిరుగుతాయి. లిటిల్ ఈగ్రెట్‌కి ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు. నల్ల మేజోళ్ల కింద పసుపు చెప్పులేసుకున్నట్టు ఉంటుంది. మరి ఆ పాదాలు ఎక్కడుంటాయి? బురదలో. అది నిలబడినంతసేపూ మీకు కనపడవు. మీరు గట్టు మీద అడుగేయగానే అది లేస్తుంది, కాళ్లు వెనక్కి వేలాడతాయి, ఆ పసుపు అప్పుడు బయటపడుతుంది. ఆ ఫొటోలో మెడ సగం తెగిపోయి ఉంటుంది, మీరేమో తీసేస్తారు.

మిగతా రెండూ పెద్ద కొంగ, మధ్యరకం కొంగ. ఇక్కడ ముక్కు రంగును నమ్ముకోవద్దు. జత కట్టే కాలంలో రెంటికీ పసుపు ముక్కు నల్లబడుతుంది. చూడాల్సింది నోటి గీతని. ముక్కు మొదట్లో నోరు మూసుకునే గీత వెనక్కి ఎంతదాకా పోయిందో చూడండి. కన్ను దాటి వెనక్కి పోతే గ్రేట్ ఈగ్రెట్. కంటి కిందే ఆగిపోతే ఇంటర్మీడియట్. అంత చిన్న గీత కనపడాలంటే మొహం మీద వెలుగు సరిగ్గా ఉండాలి. కెమెరా చేనంతా చూసి వెలుగు లెక్క కట్టుకుంటుంది, దాంతో తెల్లకొంగ కాస్తా సున్నపు ముద్దై కూర్చుంటుంది. ఫోన్లో అయితే కొంగ మీద వేలు పెట్టి నొక్కి, పక్కన వచ్చే వెలుగు గుర్తును కిందకి లాగండి. చేను చీకటిగా వస్తుంది, రానీయండి. చేను పేరు మనకక్కర్లేదు కదా.

నల్లవాటికి ఇదే తిప్పి చేయాలి, వెలుగు పెంచాలి. పసులపోలిగాడు, మగకోకిల, నీటికాకి, ఇవన్నీ ఆకాశం ముందు కూర్చుంటే నల్ల మచ్చలే. అలాంటప్పుడు ఆకారం పనికొస్తుంది. పోలిగాడి తోక చివర రెండుగా చీలి ఉంటుంది. కోకిలకి అయితే ఎర్ర కన్ను, లేత ఆకుపచ్చ ముక్కు కావాలి. అవి వెలుగు పెంచితేనే కనపడతాయి. నీటికాకులు మూడు రకాలు. చిన్నదానికి ముక్కు పొట్టి. ఇండియన్ కార్మొరాంట్ ముక్కు సన్నగా పొడుగ్గా ఉండి కన్ను నీలి ఆకుపచ్చగా మెరుస్తుంది. పెద్దదానికి గడ్డం దగ్గర తెలుపు. మీరందరూ ఇష్టపడి తీసేది రెక్కలు చాపి ఎండబెట్టుకునే భంగిమ. ఆ భంగిమ మూడూ పెడతాయి, కాబట్టి దాంతో మనకి ఒరిగేదేం లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే పొరపాటు. 'మా పెరట్లో డేగ వాలింది మేడమ్.' ఫొటో చూస్తే బూడిదరంగు వీపు, పొట్ట మీద అడ్డగీతలు, పసుపు కన్ను. నిజంగానే శిక్రా డేగలా ఉంది. కాకులు కూడా దాన్ని చూసి గోల చేస్తున్నాయట. కాకులకే తెలియకపోతే మనమెంతండీ! అది హాక్ కుకూ, కోకిల జాతిది. అచ్చం శిక్రా పోలికలే దానికి. గూడు కట్టుకోదు, బాబ్లర్ పిట్టల గూళ్లలో గుడ్డు పెట్టి పోతుంది. డేగ వచ్చిందనుకుని అవి గూడు వదిలి బెదిరితే దానికి లాభమే.

మొహం ఫొటోతో దీన్ని తేల్చొచ్చు. డేగ ముక్కు మొదట్నుంచే కిందకి వంగి కొక్కెంలా ఉంటుంది, కుకూది దాదాపు సూటిగా ఉంటుంది. అయితే మొహం ఆకు చాటునుంటే? కాళ్లు చూడండి. శిక్రాకి పొడుగాటి పసుపు కాళ్లు, వేటకి తగ్గ గోళ్లు, ముందుకి మూడు వేళ్లు, వెనక ఒకటి. కుకూకి పొట్టి కాళ్లు, ముందుకి రెండు, వెనక్కి రెండు. కొమ్మను పట్టుకున్న వేళ్లు లెక్కపెట్టగలిగితే చాలు, తల లేకపోయినా ఫర్వాలేదు. నాకు తల తెగిన ఫొటో పంపడానికి మొహమాటపడకండి.

రంగు దగ్గరికొద్దాం. రంగు మీద నాకు నమ్మకం తక్కువ, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. పాలపిట్ట ఉంది. దాని నీలం ఈకలో కలిపిన రంగు కాదు. ఈకలోని సన్నటి నిర్మాణం మీద వెలుగు పడి చెదరడం వల్ల వచ్చే నీలం. తీగ మీద రెక్కలు ముడుచుకుని కూర్చుంటే మట్టిరంగు పిట్టలా ఉంటుంది. ఎగిరితే ఆకాశంలో నీలం పట్టీలు విప్పుతుంది. ఒకే పిట్టవి ఈ రెండు ఫొటోలు ఇద్దరికి చూపిస్తే రెండు పేర్లు చెబుతారు. దసరాకి పాలపిట్టను చూడాలని కొన్నిచోట్ల దాన్ని పట్టి, రెక్కలు కట్టి చూపించే పాడు అలవాటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఎవరైనా అలాంటి ఫొటో నాకు పంపితే నేను పేరు చెప్పను, అటవీశాఖకి చెప్పమంటాను.

మగ తేనెపిట్ట, పర్పుల్ సన్‌బర్డ్, ఎండ సూటిగా పడకపోతే ఉత్త నలుపు. పైగా జత కట్టే కాలం అయిపోయాక ఆ నల్ల ఈకలన్నీ రాల్చేసుకుని ఆడదానిలా పసుపు పొట్టతో తిరుగుతుంది. అప్పుడు గొంతు నుంచి పొట్ట మీదకి దిగే నల్ల గీత ఒక్కటే మగవాడని చెప్పే గుర్తు. అది ఎదురుగా తీసిన ఫొటోలోనే కనపడుతుంది, మీకిష్టమైన పక్క భంగిమలో కనపడదు.

మాఘ ఫాల్గుణాల్లో మోదుగలు పూసినప్పుడు 'పసుపు నుదురున్న కొత్త పిట్ట' అని ఫొటోలొస్తాయి. పూలలో తల దూర్చి తేనె తాగితే పుప్పొడి అంటుకుంటుంది, అంతే. పికిలిపిట్టలకీ గోరింకలకీ కూడా అంటుతుంది. ఇలాంటి అనుమానం తీరాలంటే రెండు ఫొటోల్లో మచ్చ ఒకేలా, రెండువైపులా సమంగా ఉందా అని చూడాలి. పుప్పొడి అయితే ఒక పక్కకి ఎక్కువ పట్టి ఉంటుంది.

సాయంత్రం ఎండలో తీసిన తెల్ల పిట్ట నారింజ రంగులో వస్తుంది. కొత్త ఫోన్లలో జూమ్ చేస్తే ఇంకో బెడద. దూరంలో ఉన్న మసకబొమ్మకి ఫోనే ఈకల గీతలు ఊహించి గీసిపెడుతుంది. చూడ్డానికి స్పష్టంగా ఉంటుంది, కానీ ఆ గీతల్లో కొన్ని పిట్టవి కావు. నాకు మసకగా ఉన్నా నిజమైనదే కావాలి. జూమ్ తగ్గించి తీయండి, తర్వాత నేను పెద్దది చేసి చూసుకుంటాను.

దీనితోనే ముడిపడిన ఇంకో మాట, కత్తిరించడం. పిట్ట చుట్టూ ఉన్నదంతా కోసేసి పంపుతారు. దాంతో సైజు పోయింది. తీగ, టేకాకు, వరి కంకి, గేదె వీపు, ఇటుక, ఏదో ఒకటి పక్కనుంటే పిట్ట ఎంతుందో నాకు అంచనా దొరుకుతుంది. కోసేస్తే పిచ్చుకంత పిట్టా గోరింకంత పిట్టా ఒకటైపోతాయి. కోయనిది కూడా పంపండి.

గుంటూరు నుంచి వచ్చినవాళ్లున్నారా? ఉన్నారు, సరే. ఉప్పలపాడు వెళ్లే ఉంటారు. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు, నత్తగుల్ల కొంగలు పక్కపక్కనే కాపురాలు. ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటున్న తీరు చూడ్డానికైనా వెళ్లాలి. పిల్లలు గూళ్లు దిగే రోజుల్లో నాకు అక్కడి నుంచి 'అరుదైన పక్షులు' బోలెడు వస్తాయి. పెయింటెడ్ స్టార్క్ పిల్లకి గులాబీరంగు ఉండదు, మాసిన గోధుమరంగు. నత్తగుల్ల కొంగకి పై ముక్కుకీ కింది ముక్కుకీ మధ్య సందు ఉంటుంది కదా, ఆ గుర్తుతోనే అందరం పట్టుకుంటాం. పిల్లకి ఆ సందే ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. నైట్ హెరాన్ పిల్ల గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, బూడిదరంగు తల్లితో ఏ పోలికా లేదు. దాన్ని గుడ్డికొంగ అని పంపినవాళ్లున్నారు. గుడ్డికొంగ అయితే లేవగానే తెల్లటి రెక్కలు విప్పుతుంది. మళ్లీ అదే, ఎగిరేటప్పటి ఫొటో.

పిల్లల విషయంలో నా సలహా ఏంటంటే, అదొక్కదాన్నే తీయకండి. ఎవరి పక్కన కూర్చుంది, ఎవరు వచ్చి మేత పెట్టారు, అది కూడా ఫ్రేములోకి రానీయండి. అమ్మ పక్కనుంటే పేరు అడగక్కర్లేదు.

*(ఇక్కడ సభలోని ఒక యువకుడు తన ఫోన్లోని ఫొటో చూపించారు. దాన్ని తెర మీద వేశారు.)*

ఏ ఊరు బాబూ? కంకిపాడు దగ్గర, కోసిన వరిమడి. ఎప్పుడు? డిసెంబరు. చూశారా, ఈ రెండు మాటలతో సగం పనైపోయింది. పొడుగాటి సూటి ముక్కు, తల మీద గీతలు, గడ్డిలో కలిసిపోయే రంగు. స్నైప్ ఇది. చలికాలానికి ఉత్తరం నుంచి మన మళ్లకి వస్తుంది. ఏ స్నైప్? కామన్ స్నైపా, పిన్‌టెయిల్ స్నైపా? ఈ ఫొటో పదునుగా ఉంది, ఒక్కో ఈక లెక్కపెట్టొచ్చు. అయినా కూర్చున్న స్నైప్‌ని చూసి గట్టిగా చెప్పే ధైర్యం నాకు లేదు. కామన్ స్నైప్‌కి రెక్క వెనక అంచు పొడుగునా తెల్లటి పట్టీ ఉంటుంది. రెక్క అడుగున కూడా తెలుపు కనిపిస్తుంది. పిన్‌టెయిల్‌కి ఆ పట్టీ ఉండదు, రెక్క అడుగంతా ముదురు గీతలే. ఇది రెక్క విప్పితే తప్ప తెలియదు. లేచిందా అది? లేచింది. తీశావా? తీసి... (నవ్వులు) తీసేశావు. ట్రాష్‌లో చూడు, కొన్నాళ్లు ఉంటాయి అందులో. ఉందా? వెయ్యి తెర మీద.

ఇదీ ఫొటో అంటే! ఆకాశం, ఓ మూల మసక మచ్చ. పెద్దది చెయ్యి. ఇంకా. ఎడమ రెక్క పైకి లేచి ఉంది, అడుగు కనపడుతోంది, ముదురుగా ఉంది. వెనక అంచున తెల్ల పట్టీ లేదు. కామన్ స్నైప్ కాదు. పిన్‌టెయిల్ అని రాసేయొచ్చా? ఆగండి. స్విన్‌హోస్ స్నైప్ అని దానికి దగ్గరి చుట్టం ఇంకొకటుంది. తోక ఈకలు విప్పి చూపిస్తే తప్ప ఆ రెంటినీ విడదీయలేం. మన దగ్గర పిన్‌టెయిల్‌కే అవకాశం ఎక్కువ. కానీ అవకాశం వేరు, రుజువు వేరు. ఈబర్డ్ అని, మనం చూసిన పక్షుల్ని నమోదు చేసే వెబ్‌సైట్ ఉంది. అందులో ఇలాంటివాటికి 'పిన్‌టెయిల్ లేదా స్విన్‌హోస్' అని రెండు పేర్లు కలిపి రాసుకునే వీలుంది. అలాగే నమోదు చెయ్యి. అందులో చిన్నతనమేం లేదు. రేపెప్పుడో ఎవరైనా లెక్కలు తీస్తే తప్పు పేరు కంటే ఆ జంట పేరే ఎక్కువ ఉపయోగం.

సరే, అదే మళ్లలో తిరిగే ఉడ్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్ కూడా ఇంతే. ఉడ్‌కి వీపు మీద చుక్కలు ఎక్కువ, కంటి మీద తెల్లగీత కన్ను దాటి వెనక్కి పోతుంది, కాళ్లు పసుపు వైపు. గ్రీన్ ముదురుగా ఉండి, లేచినప్పుడు రెక్కల అడుగు నల్లగా, నడుం మీద తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కామన్ శాండ్‌పైపర్‌కి భుజం ముందు తెల్లటి మూల ఒకటి పైకి పాకుతుంది. కొల్లేరులో బాతులకైతే రెక్క మీది పట్టీ, ముక్కు ఆకారం. వలస వచ్చిన కొత్తలో మగబాతులు కూడా ఆడవాటిలాగే గోధుమరంగులో ఉంటాయి, అట్లకాడ ముక్కున్న షోవెలర్ ఒక్కటే దాక్కోలేదు.

కొన్నిటికి ఫొటో చాలదు. చలికాలంలో మన దగ్గర తిరిగే చిన్న వార్బ్లర్ పిట్టలున్నాయి. వేపచెట్ల మీద ఎగిరే ఆకుపచ్చటి గ్రీనిష్ వార్బ్లర్ అనీ, పొదల్లో తిరిగే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ అనీ. ఎంత మంచి ఫొటో అయినా వీటి విషయంలో నేను సణుగుతూనే ఉంటాను. వాటిని కూతతో పట్టుకోవాలి. అప్పుడు ఫోన్లో వీడియో పెట్టి వదిలేయండి, బొమ్మ ఆకులదే అయినా ఫర్వాలేదు. కూత పడితే చాలు.

కూత అంటే గుర్తొచ్చింది. కడప దగ్గర లంకమల్ల అడవుల్లో ఉండే కలివికోడి, జెర్డాన్స్ కోర్సర్. దాన్ని 1848లో శాస్త్రవేత్తలు వర్ణించారు. 1900 తర్వాత మళ్లీ ఎవరికీ కనపడక, అంతరించిందనుకున్నారు. 1986లో మన రాష్ట్రంలోనే మళ్లీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే పక్షి. దాని కోసం వెతికినవాళ్లు మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు, కూతలు విన్నారు, చీకట్లో వాటంతటవే తీసుకునే కెమెరాలు పెట్టారు. ఆ ఫొటోల్ని క్యాలెండర్లో వేయరు. కానీ ఒక జాతి బతికుందని చెప్పాల్సి వచ్చినప్పుడు అలాంటివే సాక్ష్యం.

యాప్‌ల గురించి అడుగుతారని తెలుసు కాబట్టి చెప్పేస్తాను. మెర్లిన్ వాడండి, ఐనాచురలిస్ట్ వాడండి, నేనూ వాడతాను. తేదీ, చోటు తప్పకుండా ఇవ్వండి, లేకపోతే ఎక్కడెక్కడి పిట్టల పేర్లో చెబుతాయి. యాప్ ఇచ్చే పేరు వెతకడం మొదలుపెట్టడానికి పనికొస్తుంది. ఆ పేరు పట్టుకుని 'దీని చుట్టాలెవరు' అని మళ్లీ నా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఐనాచురలిస్ట్‌లో పెడితే ఇంకొకరు చూసి సరేననో కాదనో అంటారు, అది నాకు నచ్చుతుంది. ఈబర్డ్‌లో అరుదైనది రాస్తే పరిశీలకులు ఆధారం అడుగుతారు. నొచ్చుకోకండి, వాళ్ల పని అది.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, దాని లోపలుండే తేదీ, టైము రాలిపోతాయి. 'డాక్యుమెంట్' అన్న చోట నుంచి పంపితే అన్నీ అలాగే వస్తాయి. కెమెరాలో తేదీ సరిగ్గా పెట్టుకున్నారో లేదో కూడా ఒకసారి చూసుకోండి. తుపాను వెళ్లిన మర్నాడు తీసిన ఫొటో అయితే ఆ సంగతి ముందే రాయండి. గాలివాటుకి సముద్రపు పక్షులు లోపలి చెరువులదాకా కొట్టుకొస్తాయి. తేదీ లేకపోతే మీ మాట నేనే నమ్మను.

ఇక మీరు అడగండి.

*మేడమ్, పెద్ద లెన్సు కొనాలా? ఫోను సరిపోతుందా?*

బైనాక్యులర్స్ కొనమ్మా ముందు. ఎనిమిది బై నలభై రెండు అని ఉంటుంది, అది చాలు. కళ్లతో రెండు నిమిషాలు చూసినవాళ్లకి ఏ భాగం తీయాలో తెలుస్తుంది. ఆ తర్వాత ఫోనుతో తీసినా నాకు పనికొస్తుంది. లక్ష రూపాయల లెన్సుతో వచ్చిన, తోక లేని గద్దల ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి.

*మా పక్క ఫ్లాట్‌లో చిలక వాలింది. పచ్చగా లేదు, పసుపూ తెలుపూ. అరుదైనదా?*

తలమీద కుచ్చు ఉందా? బుగ్గ మీద నారింజ మచ్చ? అయితే కాకటీల్. పంజరం నుంచి తప్పించుకున్నది. ఇలాంటివాటికి కాలికి రింగు ఉందా, తోక చివర ఈకలు అరిగిపోయాయా అని చూడండి. మన రామచిలుక, ఇప్పుడు మన రాష్ట్ర పక్షి, అది పచ్చగానే ఉంటుంది. దాన్ని పంజరంలో పెట్టుకోవడం నేరం, ఎంత ముద్దుగా మాట్లాడినా సరే. గుంటూరు చేలల్లో మిరపకాయలు ఎంత తిన్నా దానికి మంట తెలియదు. పక్షుల నాలుకకి ఆ ఘాటు తగలదు. దాని జోలికి పోతే మంట మనకే. (నవ్వులు)

*మంగళగిరి దగ్గర ఖాళీ ప్లాటులో తీతువు గుడ్లు పెట్టింది మేడమ్. రోజూ వెళ్లి తీస్తున్నాను. ఇవిగో.*

చూపించు. ఊఁ. రాళ్ల మధ్య నాలుగు గుడ్లు. ఇందులో అది నోరు తెరిచి, రెక్కలు విప్పి నీ మీదకి వస్తోంది. గుడ్ల మీద నుంచి లేచేసింది. ఏ టైముకి తీశావు? పన్నెండింటికి. ఈ ఎండలో అది గుడ్ల మీద నిలబడి నీడ ఇస్తుంది, పొట్ట తడుపుకొచ్చి వాటిని చల్లబరుస్తుంది. నువ్వు ఉన్నంతసేపూ ఆ పని ఆగిపోయింది. పైగా కాకులు నిన్నే గమనిస్తుంటాయి, నువ్వు ఎక్కడ వంగితే అక్కడ ఏదో ఉందని వాటికి తెలుసు. కృష్ణ ఇసుక మేటల మీద గుడ్లు పెట్టే రివర్ టెర్న్‌లకీ ఇదే కష్టం.

ఇది రెడ్ వాటిల్డ్ లాప్‌వింగ్. కంటి ముందు ఎర్ర తోలు, పసుపు కాళ్లు, మొదటి ఫొటోలోనే తేలిపోయింది. ఇక దగ్గరికి వెళ్లాల్సిన పని లేదు. అది నిన్ను చూసి అరవడం మొదలుపెట్టిన చోటు గుర్తుంచుకుని, అక్కడి నుంచి ఇంకో ఇరవై అడుగులు వెనక్కి నిలబడు. పిల్లలు రెండు రోజులకే నడిచిపోతాయి, అప్పుడు తల్లి వెంట ఉండగా ఫొటో తీసుకోవచ్చు. ఈ గూడు ఫొటోలు ఎక్కడా పెట్టకు. ఒకవేళ ఇప్పటికే పెట్టి ఉంటే తీసేయి. చూశారా, డిలీట్ చేయమని నేను చెప్పేది ఇలాంటివాటినే. ఫొటోతో పాటు గూడున్న చోటు కూడా బయటికి పోకుండా ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేసుకోవడం ఎలాగో ఆ ల్యాప్‌టాప్ దగ్గరున్న అబ్బాయికి తెలుసు. వైర్లు సర్దేలోపు వెళ్లి అడిగేయండి.